చెన్నై మీది కార్బన్ డయాక్సైడ్‌ను ఉపగ్రహ డేటాలో చూడడం ఎలా?

చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతూ ప్రాజెక్టు అంశం కోసం వెతుకుతున్న తెలుగు విద్యార్థులకు ఇది కంప్యూటర్ తప్ప మరో పరికరం అక్కరలేని పని. నాసా 2014 జులై 2న ప్రయోగించిన ఓసీఓ-2 ఉపగ్రహం నేల మీద పడి వెనక్కి వచ్చే ఎండను మూడు తరంగదైర్ఘ్యాల దగ్గర పరిశీలిస్తుంది. 1.61, 2.06 మైక్రోమీటర్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్, 0.76 దగ్గర ఆక్సిజన్ ఎంత కాంతిని పీల్చుకున్నాయో చూస్తారు. పొడిగాలిలో ఆక్సిజన్ వాటా స్థిరం కనుక, దాన్నిబట్టి మొత్తం గాలిని లెక్కగట్టి అందులో కార్బన్ డయాక్సైడ్ వంతును పీపీఎంలలో (పది లక్షల అణువుల్లో ఎన్ని అనే లెక్కలో) చెబుతారు. ఇది నేల నుంచి వాతావరణం పైఅంచు దాకా తీసిన సగటు. అంబత్తూరు రోడ్డు పక్కన పెట్టిన సెన్సర్ చూపే అంకెతో పోల్చదగినది కాదు.

నాసా డేటా వెబ్‌సైటు ఎర్త్‌డేటాలో ఉచితంగా ఖాతా తెరిచి, ఓసీఓ-2 ‘లెవెల్ 2 లైట్’ (లెక్కగట్టిన కార్బన్ డయాక్సైడ్ విలువలుండే) ఫైళ్లను డౌన్‌లోడ్ చేసుకోండి. ఇవి నెట్‌సీడీఎఫ్ అనే శాస్త్రీయ డేటా ఫార్మాట్‌లోని ఫైళ్లు, పైథాన్‌తో తెరవవచ్చు. ఉత్తర అక్షాంశం 12.5–13.6, తూర్పు రేఖాంశం 79.7–80.4 మధ్య ఉన్న కొలతలను వేరుచేసి, క్వాలిటీ ఫ్లాగ్ 0 (నమ్మదగిన కొలత అని గుర్తు) ఉన్నవాటినే ఉంచండి. చాలా రోజుల ఫైళ్లలో ఒక్కటీ మిగలదు, కంగారుపడవద్దు: ఉపగ్రహం 16 రోజులకోసారి పాత దారికి వస్తుంది, అది చూసే పట్టీ వెడల్పు సుమారు 10 కిలోమీటర్లే, మబ్బు పడితే అదీ దక్కదు. ఈశాన్య రుతుపవనాలు కురిసే అక్టోబరు–డిసెంబరు నెలల్లో వెతకడం దాదాపు దండగ. ఫిబ్రవరి, మార్చిలతో మొదలుపెట్టండి.

అసలు కష్టం ఇక్కడినుంచే. 420 పీపీఎంల చుట్టుపక్కల ఉండే మొత్తంలో నగరం కలిపేది ఒకటి రెండు పీపీఎంలు మాత్రమే, విడి కొలతలో వచ్చే దోషం కూడా దానికి ఎంతో దూరంలో ఉండదు. అందుచేత విడి అంకెను నమ్మకుండా, ఒకే రోజు, ఒకే దారిలో వచ్చిన కొలతలను 0.1 డిగ్రీ అక్షాంశానికొక సగటుగా మార్చి, అక్షాంశం వెంబడి గ్రాఫు గీయండి. నగరానికి దూరంగా ఉన్న కొసల మధ్యగతాన్ని నేపథ్య విలువగా తీసుకుని మిగతావాటిలోంచి తీసివేయండి. ఉబ్బెత్తు కనిపిస్తే ఆనాటి గాలి దిశను ఈఆర్ఏ5 అనే ఐరోపా వాతావరణ డేటాలో చూడాలి. ఉపగ్రహం దాటేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో; అప్పటికి సముద్రపు గాలి మొదలైతే ఎన్నూరు బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగ తిరువళ్లూరు వైపు సాగుతుంది కాబట్టి, ఉబ్బెత్తు కూడా నగరానికి పడమరగా పోయే దారిలోనే కనిపించాలి. నేల మీద తీసిన కొలతలను సముద్రం మీద గ్లింట్ పద్ధతిలో (నీటి మీద ఎండ తళుక్కుమనే చోటును చూస్తూ) తీసినవాటితో కలపవద్దు, రెండింటి మధ్య ఉండే చిన్న తేడాయే నగరపు ఉబ్బెత్తులా భ్రమింపజేయగలదు. పులికాట్ అంచున, నేలా నీరూ కలిసే చోట వచ్చిన విలువలను నేనైతే పక్కన పెడతాను.

ఇంత చేసినా ఓసీఓ-2 ఇచ్చేది ఒక గీత వెంబడి కొలతలే. నగరాన్ని పటంలా చూడాలనుకుంటే, 2019లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అమర్చిన ఇలాంటి పరికరం ఓసీఓ-3 ఒక ప్రాంతమంతా కలియజూసి తీసిన ‘స్నాప్‌షాట్ ఏరియా మ్యాప్’లలో చెన్నై ఉన్న తేదీలను వెతికి, ఇదే వడపోతను వాటికీ వర్తింపజేయండి.