మీ గల్లీకి ముందు ఏం కావాలి? బల్దియాకు కాలనీ అవసరాలు ఎలా చెప్పాలి?

కొన్నేళ్ల కింద మా కాలనీ తరఫున ఇరవై మూడు పనులు రాసిన కాగితం పట్టుకుని నలుగురం బల్దియాకు, అంటే మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లాం. ఇంజినీర్ ఓపిగ్గా చదివి, "వీటిలో ముందు ఏది కావాలి?" అని అడిగారు. ఒకరు రోడ్డన్నారు, ఇంకొకరు పార్కన్నారు. నలుగురం నాలుగు చెప్పాం. తప్పు మాదే. ఇంట్లో తేల్చుకోవాల్సింది ఆఫీసులో తేల్చుకోబోయాం. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిన గ్రేటర్ కార్పొరేషన్‌లో 2021 ఎన్నికల నాటికే 66 డివిజన్లు, అంటే వార్డులు ఉన్నాయి. అన్ని డివిజన్ల మధ్య మీ గల్లీ మాట నిలబడాలంటే అడిగేవి మూడుకు మించకూడదు. ఆ మూడు ఎలా తేల్చాలో చెబుతాను.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. బడ్జెట్ లెక్కలు అంతకు ముందే తయారవుతాయి. అందుకే దీపావళి కాగానే మొదలుపెట్టి సంక్రాంతిలోపు కాగితం ఇచ్చేయండి. ఫొటోలు మాత్రం వానాకాలంలోనే తీసి పెట్టుకోవాలి. 2023 జులై వరదలో బొందివాగు, నయీంనగర్ నాలాల పక్క కాలనీలు ఎలా మునిగాయో మనం చూశాం. ఎండాకాలంలో అదే చోట నిలబడి చెబితే విన్నవాళ్లకు ఆ తీవ్రత తెలియదు.

అందరినీ అడగండి

అసలు కష్టం ఇక్కడే. ఆదివారం పొద్దున మీటింగ్ పెడితే సొంతిల్లు ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు వస్తారు. కిరాయికి ఉండేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, పొద్దున్నే కూలికి వెళ్లేవాళ్లు, నల్లా కోసం ఇంట్లో ఆగిపోయిన ఆడవాళ్లు రారు. మోరీ (మురుగు కాలువ) పక్కన ఉండేది ఎక్కువగా వాళ్లే. కాబట్టి ఇంటింటికీ వెళ్లాలి. ఇద్దరు వెళ్తే చాలు, అందులో ఒకరు ఆడమనిషి ఉండాలి. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి.

"మీకేం కావాలి?" అని అడగకండి, అందరూ రోడ్డు అంటారు. "అక్కా, ఈ వారంలో గల్లీలో దేంతో ఇబ్బంది పడ్డారు?" అని అడగండి. నీళ్లు ఎన్ని గంటలకు వచ్చాయి, ఎన్ని బిందెలు నిండాయి, చెత్త బండి ఏ రోజు రాలేదు, అన్నీ బయటికొస్తాయి. వాళ్లు చెప్పిన మాటలే రాసుకోండి.

తర్వాత గింజల పద్ధతి. ఎక్కువ మంది చెప్పిన ఆరేడు పనులకు ఒక్కో గిన్నె పెట్టి, చదువు రానివాళ్లకు కూడా తెలిసేలా బొమ్మ అతికించండి. ఇంటికి అయిదు చింతగింజలు ఇవ్వండి, వాళ్లకు నచ్చినట్టు పంచుకోవచ్చు. మా దగ్గర ఒక అవ్వ అయిదూ మోరీ గిన్నెలోనే వేసి, "ఇంకిన్ని ఇయ్యరాదు బిడ్డా" అంది. తర్వాత ఆమె ఇంటికి వెళ్లి చూశాం. మోరీ నీళ్లు లోపలికి రాకుండా గడప ముందు జానెడు ఎత్తు సిమెంటు గట్టు కట్టించుకుంది. మోకాళ్ల నొప్పులతో రోజూ దాన్ని చేత్తో గోడ పట్టుకుని దాటుతోంది. పది మీటింగులు పెట్టినా ఆ గట్టు సంగతి మాకు తెలిసేది కాదు.

గింజల లెక్క ఒక్కటే చూడకండి. ఎనభై ఇళ్లు పార్కు అడిగినా, పది ఇళ్లలోకి మురుగు వస్తుంటే మోరీయే ముందు రావాలి. ఈ మాట పెద్దమనుషులు అందరి ముందూ గట్టిగా చెప్పాలి.

ఎవరి పని ఏది?

వీధి దీపం వెలగకపోతే బల్దియాకు చెప్పాలి. స్తంభం ఒరిగినా, తీగ వేలాడినా కరెంటోళ్లకు, అంటే ఎన్‌పీడీసీఎల్‌కు చెప్పాలి. బల్దియాలో కూడా మోరీ కట్టడం ఇంజినీరింగ్ విభాగం పని, దాన్ని శుభ్రం చేయించడం శానిటేషన్ సిబ్బంది పని. మోరీ నిండితే కొత్తది అడిగే ముందు పూడిక తీయించి చూడండి, చాలాసార్లు అక్కడితోనే తీరిపోతుంది. మెయిన్ రోడ్డు అయితే ఆర్ అండ్ బీ, అంటే రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ వాళ్లదా అని ముందే కనుక్కోండి.

కాగితం ఎలా రాయాలి?

"మోరీలు బాగు చేయగలరు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా రాయండి: "ఫలానా గల్లీలో ఫలానా ఇంటి నంబరు నుంచి కల్వర్టు దాకా సుమారు 120 అడుగుల మోరీ లేదు. వాన పడితే 11 ఇళ్లలోకి మురుగు వస్తోంది. ఫొటోలు జత చేశాం." టేపు లేకపోతే అడుగులతో కొలవండి. ఒక్కో పనికి ఒక్కో కాగితం, కింద అన్ని ఇళ్ల సంతకాలు, వేలిముద్రలు.

ఒక కాపీ వార్డు ఆఫీసర్‌కు, ఒకటి కార్పొరేటర్ ఉంటే వారికి, ఒకటి సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి. రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖుల పేరిట నాలుగు కమిటీలు ఉండాలి, ఒక్కోదాంట్లో 15 మంది. మీ వార్డు కమిటీల్లో ఎవరున్నారో కనుక్కుని వాళ్లను గల్లీకి తీసుకురండి.

రెండు నెలలైనా కబురు లేకపోతే టెన్షన్ పడొద్దు, గొడవకూ దిగొద్దు. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ రసీదు నంబరు రాసి, ఆ కాగితం ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పని మొదలైతే ఎస్టిమేట్ కాపీ అడిగి తీసుకుని, రోజూ ఒకరు అక్కడ నిలబడండి. మోరీ అయ్యాక పై కొసన రెండు బిందెల నీళ్లు పోయండి. కింది కొస దాకా పారాలి. మధ్యలో ఎక్కడ ఆగినా అక్కడ సుద్దతో గీత గీసి, ఫొటో తీసి, బిల్లు కాకముందే ఇంజినీర్‌కు చూపించండి.