ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ క్రెడిట్ ఎవరికి? రాసేముందు ఇలా చూసుకోండి

సెమినార్‌కో ఆర్టికల్‌కో ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ (కడుపుతో ఉన్న తల్లి మద్యం తాగడం వల్ల బిడ్డకి పుట్టుకతో వచ్చే లోపాలు) గురించి రాసేటప్పుడు "1973లో అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్లు జోన్స్, స్మిత్ కనిపెట్టారు" అని ఒక్క లైన్లో తేల్చేయకండి, చాలామంది అలాగే రాస్తారు గానీ అందులో ఇద్దరికి పెద్ద అన్యాయం జరుగుతోంది.

ముందు ఒక పేపర్ మీద విడివిడిగా రాసుకోండి: మొదట గమనించిందెవరు, లెక్కలు తీసిందెవరు, పిల్లల లక్షణాలు వివరంగా రాసిందెవరు, పేరు పెట్టిందెవరు. పక్కనే ఏ ఏడాది, ఏ భాషలో అచ్చయిందో కూడా వేసుకోండి.

లెక్కల దగ్గర 1899 నాటి విలియం సల్లివన్ వస్తాడు. లివర్‌పూల్ జైలు డాక్టర్, తాగుడుకి అలవాటుపడ్డ 120 మంది ఆడవాళ్ళ పిల్లల సంగతి లెక్కగట్టాడు, వాళ్ళ బంధువుల్లో తాగని ఆడవాళ్ళ పిల్లలతో పోల్చి చూస్తే చావులు రెట్టింపు పైనే ఉన్నాయి.

భాష దగ్గరే అసలు పేచీ. ఫ్రాన్స్‌లో నాంత్ ఊరి పిల్లల డాక్టర్ పాల్ లెమ్వాన్, తన టీమ్‌తో కలిసి 1968లోనే 127 మంది పిల్లల్ని పరిశీలించి ముఖం తీరు, ఎదుగుదల లోపం, పుట్టుకతో వచ్చే లోపాలు అన్నీ రాసేశాడు, కానీ అది ఫ్రెంచ్‌లో, ఒక ప్రాంతీయ మెడికల్ పత్రికలో వచ్చింది కాబట్టి సియాటిల్ వాళ్ళకి అప్పటికి తెలీదు. తెలియకుండా చేసినంత మాత్రాన వాళ్ళ పని తక్కువేం కాదు, అలాగని మొదటివాళ్ళూ కారు.

ఇక సియాటిల్ లోపలి సంగతి, దీనికి కాస్త టైమ్ పెట్టండి. లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో 1973 జూన్ పేపర్ తీసి ఆథర్ల పేర్లు చూడండి: జోన్స్, స్మిత్, ఉల్లేలాండ్, స్ట్రైస్‌గూత్. ఎనిమిది మంది పిల్లల మీద రాసింది. అదే ఏడాది నవంబర్ పేపర్‌లో సిండ్రోమ్‌కి పేరు పెట్టారు, అక్కడ జోన్స్, స్మిత్ ఇద్దరే ఉన్నారు, అందరికీ గుర్తుండిపోయింది కూడా ఆ ఇద్దరే. కానీ బరువు పెరగని పసిపిల్లల తల్లులు తాగుడుకి బానిసలని అక్కడ ముందుగా పట్టుకుంది క్రిస్టీ ఉల్లేలాండ్, అప్పటికి ఆవిడ ఇంకా ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్, 1972లోనే దీని మీద సొంతంగా పేపర్ కూడా వేసింది. ఆవిడ చూపించాకే స్మిత్, జోన్స్ ఆ పిల్లల్ని చూసి చిన్న తల, ఇరుకు కళ్ళు లాంటి ఒకే తీరు లక్షణాలు గుర్తుపట్టారు.

కాబట్టి ఇలా రాయండి: "1968లో లెమ్వాన్ బృందం వర్ణించింది, సియాటిల్‌లో ఉల్లేలాండ్ గమనించిన దాని ఆధారంగా 1973లో జోన్స్, స్మిత్ మళ్ళీ వర్ణించి పేరు పెట్టారు". స్లైడ్‌లో చోటు చాలకపోతే సల్లివన్‌ని నోట్స్‌లోకి జరపండి, ఉల్లేలాండ్ పేరు మాత్రం తీయొద్దు.