ఉచితంగా సినిమాకు సంగీతం చేసే ముందు జాగ్రత్తలు

కడపలోనో ప్రొద్దుటూరులోనో కుర్రాళ్లు చిన్న సినిమా తీస్తూ "అన్నా, బడ్జెట్ లేదు, మ్యూజిక్ చేసిపెట్టు" అంటే ఒప్పుకోవడం తప్పేమీ కాదు. ముందు ఇవి చూసుకోండి.

- కెమెరా అద్దెకు, ఎడిటింగ్‌కు డబ్బుందా? ఉండి మీకే లేదంటే అది అన్యాయం, వద్దనండి. అందరూ ఉచితంగానే చేస్తుంటే సరే.

- డప్పు, నాదస్వరం వాయించేవాళ్ల కూలి, స్టూడియో అద్దె నిర్మాతే ఇవ్వాలి.

- అన్నిటికన్నా ముఖ్యం హక్కుల కాగితం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 2012 సవరణతో ఇంకో రక్షణ వచ్చింది: థియేటర్లో సినిమాతో పాటు వినిపించడం కాకుండా మిగతా వాడకాలకు వచ్చే రాయల్టీలో మీ వాటాను నిర్మాతకు వదిలేస్తున్నట్టు సంతకం పెట్టినా చెల్లదు. అయినా "సర్వహక్కులూ మావే" అన్న వాక్యం కనిపిస్తే కొట్టేయించండి. సంగీత దర్శకులు, పాటల రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యులుగా చేరండి.

- ఎన్ని నిమిషాల సంగీతం, ఎన్నిసార్లు మార్పులు, టైటిల్స్‌లో పేరు ఎక్కడ? స్నేహితులైనా సరే, రాయించుకోండి.

- సినిమా ఓటీటీకి అమ్ముడైతే మీకెంతో ఇప్పుడే తేల్చుకోండి. "తర్వాత చూద్దాం" అంటే ట్యూన్ ఇవ్వకండి.