పాము తిండి ఫ్రీజర్‌లో అతుక్కుపోకుండా

డల్లాస్‌లో మా అబ్బాయి పెంచే కార్న్ స్నేక్ కోసం గడ్డకట్టించిన చిట్టెలుకలు ఒకేసారి 25 తెప్పిస్తాం. వారం వారం కవరు తెరిచేసరికి మంచు పేరుకుని, తోకలు అతుక్కుని, ఒకటి లాగితే మూడు వచ్చేవి.

ఇప్పుడు పార్సిల్ రాగానే, గట్టిగా ఉండగానే, చిన్న జిప్ కవరుకొకటి వేస్తున్నాను. మూతి కాస్త తెరిచి ఉంచి, దీనికని పెట్టుకున్న పాత గిన్నెలోని చన్నీళ్లలో అంచుదాకా ముంచితే గాలి పోతుంది. వెంటనే మూసి, తుడిచి, తేదీ రాసి, డబ్బాలో పెట్టి ఫ్రీజర్ అడుగున ఉంచుతాను. ఐస్‌క్రీమ్ డబ్బా మాత్రం వద్దు. మా అత్తగారు అల్లం ముద్ద అనుకుని తెరిచారు! 6 నెలల్లో వాడేస్తాం.

పార్సిల్ మెత్తబడి వస్తే ఇది పనికిరాదు, మళ్లీ గడ్డకట్టించకుండా పారేయండి. ఫ్రీజర్‌లో సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బాక్టీరియా చావదు, చేతులు సబ్బుతో కడుక్కోండి.