షాంపూ సీసాతో లేజర్ తుపాకీ: రంగు ఊడకుండా చేయడం ఎలా?

అంతరిక్ష యోధుడి వేషానికి డ్రెస్ అంతా చక్కగా కుదురుతుంది. చేతిలో ఉన్నది మాత్రం వెండి రంగు పూసిన షాంపూ సీసా అని పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది. తప్పు సీసాది కాదు, రంగు వేయడానికి ముందు చేయాల్సిన పని ఎగ్గొట్టడంలో ఉంది.

కావలసినవి: ఖాళీ సీసా, రకరకాల మూతలు, అయిపోయిన పెన్నులు, పాడైన కంప్యూటర్ మౌస్, ఉప్పు కాగితం, ప్లాస్టిక్ ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత), నలుపు స్ప్రే, కొద్దిగా వెండి రంగు అక్రిలిక్. త్రీడీ ప్రింటర్ అక్కర్లేదు. 1977 నాటి స్టార్ వార్స్ సినిమాలో హీరో లూక్ వాడిన లైట్‌సేబర్ (వెలుగు కత్తి) పిడి పాత కెమెరా ఫ్లాష్ పిడితో చేసిందే. నిజంగా ఏదో పనికి వాడిన వస్తువులో ఉండే నమ్మకం ప్రింట్ చేసిన ముక్కకు రాదు.

ముందుగా ముక్కలన్నీ బల్ల మీద పేర్చి చూసుకోండి. సీసా తుపాకీకి ఒళ్లు అవుతుంది, మౌస్ పైభాగం పిడి అవుతుంది, పెన్ను గొట్టం అవుతుంది. ఒక పెద్దది, రెండు మధ్యరకం, నాలుగైదు చిన్నవి, అంతకు మించి వద్దు. మూతలను జిగురుతో అతికించకండి. అవి ఎక్కువగా పాలీప్రొపిలీన్, పాలిథిన్ రకాలు, వాటిని మామూలు జిగురు ఏదీ గట్టిగా పట్టుకోదు. చిన్న బెజ్జం పెట్టి స్క్రూ బిగించండి. స్క్రూ తల కనబడితే ఇంకా అందం.

ఇక అసలు పని. సీసా అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూడండి, అది ప్లాస్టిక్ రకాన్ని చెబుతుంది. 1 ఉంటే అదృష్టం. 2 గానీ 5 గానీ ఉంటే ఆ ప్లాస్టిక్ రంగును దగ్గరికి రానివ్వదు. వేసినప్పుడు మెరుస్తుంది, మర్నాడు గోరు తగిలితే ఉడికిన గుడ్డు పెంకు కింది పొరలా లేచి వస్తుంది. వేషం వేసుకునే రోజు పొద్దున నా తుపాకీ పిడి మీది రంగంతా అరచేతికి అంటుకుని వచ్చాక, ఈ దశను మళ్లీ ఎప్పుడూ తొందరపడి చేయలేదు.

లేబుల్ జిగురంతా పోయేదాకా గిన్నెల సబ్బుతో, వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత 320 నంబరు ఉప్పు కాగితంతో మెరుపు పోయేదాకా మెల్లగా రుద్దండి. గట్టిగా రుద్దితే 2 రకం ప్లాస్టిక్ మీద సన్నని నూగు లేస్తుంది. ఆ నూగు మీద రంగు వేస్తే బొచ్చు మొలిచినట్టు కనబడుతుంది, కాబట్టి దాన్ని బ్లేడుతో గీకి తీసేయండి. ఆ తర్వాత వేలితో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు చాలు చెడగొట్టడానికి.

ప్రైమర్ ప్లాస్టిక్ కోసమే చేసింది కావాలి, మామూలు గోడ ప్రైమర్ పనికిరాదు. అడుగు దూరం నుంచి పలచగా మూడు పూతలు, మధ్యలో డబ్బా మీద రాసినంత సేపు ఆగండి. ఒకే దళసరి పూత వేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కారిన రంగును బాగు చేయడం పెద్ద తలనొప్పి. రాత్రంతా ఆరాక అడుగుభాగంలో సెలోటేప్ అంటించి లాగండి. రంగు టేపుతో వచ్చిందా, మళ్లీ ఉప్పు కాగితం దగ్గరికే వెళ్లాలి. రాలేదా, ముందుకు సాగండి. థర్మాకోల్ ముక్క వాడి ఉంటే దాని మీద స్ప్రే నేరుగా కొట్టకండి, కరిగిపోతుంది. ముందు తెల్ల జిగురు రెండు పూతలు వేయండి.

గాలి ఆడే చోట నలుపు స్ప్రే కొట్టండి. ఆరాక పొడి బ్రష్‌ను వెండి రంగులో ముంచి, గుడ్డ మీద దాదాపు అంతా తుడిచేసి, అంచుల మీద మాత్రం తాకించండి. చెయ్యి నిత్యం రాసుకునే చోట్లే అరుగుదల ఉండాలి: ట్రిగ్గర్, పిడి వెనక, గొట్టం కొస. మిగతాదంతా నల్లగానే వదిలేయండి.