ఛాతీలో మంట: పడక, భోజనం, మాత్రల విషయంలో పాటించవలసిన పద్ధతి

అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట ఒక కండర వలయం ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని, ఆ వెంటనే బిగుసుకోవడం దాని పని. అది వేళకాని వేళ సడలితే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్ని, రొమ్ము ఎముక వెనుక మంటగా, గొంతులో పుల్లని తేన్పుగా తెలుస్తుంది. ఈ బాధ తరచుగా వచ్చేవారు మొదట చక్కదిద్దుకోవలసింది రాత్రిపూట అలవాట్లను. మేలుకుని ఉన్నప్పుడు మనం మింగే లాలాజలం ఆమ్లాన్ని కడిగి విరిచేస్తూ ఉంటుంది. నిద్రలో లాలాజలం ఊరడమూ, మింగడమూ బాగా తగ్గిపోతాయి కనుక పైకి వచ్చిన ఆమ్లం అన్నవాహిక గోడల మీద చాలాసేపు నిలిచిపోతుంది.

రాత్రి భోజనానికీ పడకకూ మధ్య కనీసం 3 గంటల వ్యవధి ఉంచాలి. మంచానికి తలవైపు కోళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి దిమ్మలు పెట్టి, మంచం కదలకుండా ఉందో లేదో చూసుకోవాలి. దిండు మీద దిండు వేసుకోవడం దీనికి బదులు కాదు. అలా చేస్తే మెడ వంగి, నడుము దగ్గర శరీరం మడతపడి, పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఆమ్లం ఆ వలయానికి దిగువన ఉంటుంది. అధిక బరువు తగ్గించుకోవడం, పొగ మానడం ఎలాగూ తప్పవు. తినకూడనివంటూ చెప్పే పొడవాటి జాబితాలను మాత్రం నేను గుడ్డిగా పాటించమనను. ఏది తిన్నాక మంట వస్తోందో కొన్నాళ్లు రాసుకుని, దాన్నే మానడం మేలు.

వైద్యులు రాసే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి మాత్రలను చాలామంది మంట మొదలయ్యాక వేసుకుంటారు. ఆమ్లాన్ని విడుదల చేసే పంపులు భోజనంతో పనిలోకి దిగుతాయి, ఈ మందు అడ్డుకోగలిగేది పనిచేస్తున్న పంపులనే. కాబట్టి ఉదయం పరగడుపున, అల్పాహారానికి 30 నుంచి 60 నిమిషాల ముందు, నమలకుండా, నూరకుండా మింగాలి. అప్పటికప్పుడు ఉపశమనం కావాలంటే యాంటాసిడ్ సిరప్ పనికొస్తుంది. నెలల తరబడి వాడిన మాత్రను ఆపినప్పుడు కొన్నాళ్లు ఆమ్లం మామూలు కంటే ఎక్కువ ఊరవచ్చు; దాన్ని చూసి జబ్బు తిరగబెట్టిందనుకోకుండా, ఎలా తగ్గించాలో వైద్యుణ్ణి అడగాలి.

మింగుడు పడకపోవడం, రక్తపు వాంతి, తారులా నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత కనిపిస్తే ఇంటి జాగ్రత్తలతో కాలయాపన చేయకూడదు. రక్తపు వాంతికీ, నల్లటి మలానికీ అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలు కూడా మలాన్ని నల్లబరుస్తాయి కనుక వాటిని వాడుతుంటే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. ఛాతీ బరువెక్కి, నొప్పి చేతికో దవడకో పాకుతూ చెమటలు పడితే అది గ్యాస్ అని సరిపెట్టుకోకుండా వెంటనే అత్యవసర విభాగానికి చేరాలి.

రక్తపు వాంతి, నల్లటి మలం కడుపులో పుండు వల్ల కూడా రావచ్చు. ఆ పుండుకు ప్రధాన కారణాలు రెండు: ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. దీన్ని కనుగొన్న ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది ఈ బాక్టీరియాయే. దీనికి శ్వాస పరీక్ష రాస్తే, వైద్యుడి అనుమతితో ఆమ్లం తగ్గించే మాత్రను 2 వారాల ముందే ఆపాలి. లేకపోతే బాక్టీరియా ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు. యాంటీబయాటిక్ కోర్సు ముగిశాక కనీసం 4 వారాలు ఆగి, అది పూర్తిగా పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.