వేలిముద్రలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: కనపడని ముద్రను పైకి తేవడం

పోయిన పాఠంలో స్టాంప్ ప్యాడ్ ఇంకుతో పది వేళ్ళ ముద్రలూ కాగితం మీద వేసి, శంఖాలేవో (గీతలు ఒక పక్క నుంచి వచ్చి, వంపు తిరిగి, అటే వెళ్ళిపోయేవి) చక్రాలేవో (గీతలు గుండ్రంగా చుట్టుకునేవి) విడదీసుకున్నాం కదా. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఇవాళ దాంతో పని ఉంది.

మా గుంటూరు బ్రాడీపేట కుర్రాడొకడు తన పది వేళ్ళకీ చక్రాలే ఉన్నాయని, అది రాజయోగమేనా అని అడిగాడు. జాతకం సంగతి నాకు తెలీదు కానీ, పాత పోలీసు లెక్కలో అతని వేలిముద్రల కార్డు ఎక్కడుంటుందో చెప్పగలను. పది వేళ్ళని ఐదు జతలుగా తీసుకోండి. జతలో ఒక్కో వేలికి చక్రం ఉండొచ్చు, లేకపోవచ్చు. అంటే ఒక్కో జతకి నాలుగు రకాలు. నాలుగుని ఐదుసార్లు హెచ్చవేస్తే 1024. కార్డులు దాచే బీరువాకి అన్ని అరలు. మనవాడిది చిట్టచివరి అర. ఈ లెక్క కట్టింది కలకత్తాలో పనిచేసిన అజీజుల్ హక్, పక్కన హేమచంద్ర బోస్. పద్ధతికి పేరు మాత్రం వాళ్ళ పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది పడింది. 1897లో అక్కడ వేలిముద్రల బ్యూరో పెట్టారు. లండన్ పోలీసు కేంద్రం స్కాట్లాండ్ యార్డుకి అలాంటిది వచ్చింది 1901లో.

ఇక పనిలోకి దిగుదాం. ఉదయం పూట చేయండి. మన గుంటూరు మే నెల మధ్యాహ్నం వేళ్ళు చెమటకి జారిపోతుంటే ముద్ర పడదు, మరక పడుతుంది.

చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని, బొటనవేలిని ఒకసారి ముక్కు పక్కన రాయండి. అక్కడి జిడ్డే మనకి కావాల్సింది. గాజు గ్లాసు మీద ఆ వేలిని ఆనించి, పక్కకి జరపకుండా నేరుగా ఎత్తెయ్యండి. గ్లాసుని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే మసగ్గా కనిపిస్తుంది. ఎక్కడుందో ముందు చూసుకోకుండా పొడి చల్లకండి.

పెన్సిల్ లెడ్‌ని ఉప్పుకాగితం మీద రుద్దితే మెత్తటి నల్లపొడి వస్తుంది. ముఖానికి పౌడర్ అద్దుకునే బ్రష్‌ని అందులో కొద్దిగా ముంచి, దులిపి, వెంట్రుకల కొసలు మాత్రమే తగిలేలా ముద్ర మీద తిప్పండి. గీతలు తేలడం మొదలవగానే అవి ఎటు పారుతున్నాయో చూసి, బ్రష్‌ని కూడా అటే నడపండి. ఇక్కడే అందరూ తొందరపడతారు. పొడి ఎక్కువైతే సందులు పూడిపోయి అంతా అలుక్కుపోతుంది. మొదటి నాలుగు సార్లు నాకూ అంతే అయింది. నల్లటి వస్తువైతే టాల్కం పౌడరో పసుపో వాడండి. గుంటూరులో ఉన్నాం కదా అని కారం కూడా ప్రయత్నించాను. గరుకుగా ఉండి గీతలు చెరిపేసింది, పైగా గంటసేపు తుమ్ములు.

ఇప్పుడు వెడల్పాటి సెల్లో టేపుని ఒక అంచు నుంచి గాలి బుడగలు లేకుండా నొక్కుకుంటూ అతికించి, ఒక్క లాగులో తీసి తెల్ల అట్ట మీద అంటించండి. పసుపు, పౌడర్ అయితే నల్ల అట్ట. అట్ట మీద తేదీ, వస్తువు, ఏ వైపు నుంచి తీశారో రాయండి. ఇది రాయని ముద్ర ఎంత బాగా వచ్చినా పనికిరాదు.

పోల్చేటప్పుడు చాలామంది అట్టని పక్కన పెట్టుకుని తమ వేలినే చూస్తారు. వేలు, ముద్ర అద్దంలో బొమ్మలా ఎడమ కుడి తారుమారుగా ఉంటాయి. ఇంకు కాగితంతోనే పోల్చండి. ముందు ఆకారం చూడండి. ఇది శంఖం, అది చక్రం అయితే అక్కడితో సరి, వేరే వేలు. రెండూ ఒకటే అయితే, ఏ గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది, వాటి మధ్య ఎన్ని గీతలున్నాయి అని లెక్కపెట్టండి. ఇంగ్లండ్‌లో చాలాకాలం అలాంటి 16 గుర్తులు కలవాలనేవారు, 2001లో ఆ అంకె తీసేశారు. మన దేశంలో 2022 నుంచి నాఫిస్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉన్నా, అది దగ్గరగా ఉన్నవాటిని వెతికి ముందు పెడుతుంది. అవునో కాదో తేల్చేది నిపుణుడి కళ్ళే.

సరే, కలిసింది. ఏం తేలినట్టు? 1898లో తీర్పు వచ్చిన కేసు ఒకటి చూడండి. బెంగాల్‌లోని జల్‌పాయ్‌గురిలో ఒక టీ తోట మేనేజరుని గొంతు కోసి చంపారు, డబ్బు పోయింది. అనుమానితులకు కొదవ లేదు: కూలీలు, బట్టల మీద రక్తపు మరకలున్న వంటవాడు, అటుగా తిరిగిన కాబూలీలు. పెట్టెలోని కాగితాల్లో ఒక బెంగాలీ పంచాంగం అట్ట మీద రెండు గోధుమరంగు మరకలు కనిపించాయి. ఒకదాని గీతలు స్పష్టంగా ఉన్నాయి. అవి కలకత్తా బ్యూరోలో అంతకుముందు దొంగతనానికి శిక్షపడిన కంగాళీ చరణ్ కుడి బొటనవేలి ముద్రతో కలిశాయి. అతను మేనేజరు దగ్గర పాత నౌకరు. మరక రక్తమేనని రసాయన పరీక్షలో తేలింది కూడా. ఇంతా చేసి కోర్టు అతన్ని దొంగతనానికే శిక్షించింది, హత్యకి కాదు. ఆ వేలు పంచాంగాన్ని ముట్టుకుందని ముద్ర చెప్పింది. కత్తి ఎవరి చేతిలో ఉందో చూసినవాళ్ళు లేరు. నా మటుకు అది సరైన తీర్పే. మరుసటి ఏడు, 1899లో, వేలిముద్రల మీద నిపుణుడి అభిప్రాయాన్ని సాక్ష్యంగా తీసుకునేలా చట్టం మార్చారు.

పేపర్లో "క్లూస్ టీం వేలిముద్రలు సేకరించింది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు కానీ, ఆ తర్వాత చేయాల్సిన పని ఇంట్లోవాళ్ళ ముద్రలన్నీ తీసుకుని పోల్చి, వాటిని పక్కన పెట్టడం.

ఇంటిపని కూడా అదే. ముందు ఇంట్లో అందరి ఇంకు ముద్రలూ అడిగి తీసుకోండి. పూతరేకుల డబ్బానో బిస్కెట్ల డబ్బానో మూత మీది ముద్రలు ఎత్తి, ఎవరివో గుర్తుపట్టండి. నోటుపుస్తకంలో రెండు గడులు గీసి, ముద్ర చెప్పింది ఒకవైపు, మీరు ఊహించుకుంది రెండోవైపు రాయండి. డబ్బా కొని తెచ్చిందెవరు, షెల్ఫులో సర్దిందెవరు అని అడిగాకే రెండో గడి నింపాలి.

వచ్చే పాఠం అరచేతిది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే బ్రిటిష్ అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం వెనక వేయించింది వేలిముద్ర కాదు, మొత్తం అరచెయ్యి. ఏ4 కాగితాలు నాలుగు, కొంచెం ఎక్కువ ఇంకు సిద్ధం చేసుకోండి.